యోబు గ్రంథమున బంగారము – కోలారు గనుల నేపథ్యమున ఒక పరిశీలన

తెలుగు క్రైస్తవ కుటుంబములలో కష్టకాలమున తఱచుగా వినవచ్చు పేరు యోబు. బిడ్డను పోగొట్టుకొనిన తల్లికిని, కొలువు పోయిన గృహస్థునకును, తీరని వ్యాధితో మంచము పట్టిన వృద్ధునకును బంధువులు చెప్పు మాట యొక్కటే: యోబువలె నోర్చుకొనవలెనని. హరిశ్చంద్రుని పేరు తెలుగునాట సత్యమునకు మాఱుపేరైనట్లే యోబు పేరు క్రైస్తవులలో సహనమునకు మాఱుపేరైనది. అయితే ఒక పేరు సామెతగా మాఱినపుడు పేరు నిలిచి కథ మఱుగుపడుట కలదు. యోబు విషయమున జరిగినది ఇదియే. 42 అధ్యాయముల ఆ గ్రంథమున యోబు మాఱుమాట లేక యోర్చుకొన్నది మొదటి 2 అధ్యాయములలో మాత్రమే. 3వ అధ్యాయము మొదలుకొని 31వ అధ్యాయము వఱకు అతడు మొఱపెట్టును, వాదించును, తన్ను పుట్టించిన దేవునినే న్యాయ మడుగును.

ఈ భేదము పండితులకు మాత్రమే పట్టిన విషయము కాదు. ఓదార్చువారు ఏ యోబును చూపుదురో దానినిబట్టి కష్టములో నున్న మనుష్యునకు దొరకు శాంతి యెట్టిదో తేలును. నోరు మూయించుట వలన కలుగు నెమ్మది యొకటి. నోరు తెఱచి దుఃఖము చెప్పుకొనిన పిమ్మట కలుగు నెమ్మది మఱొకటి. ఈ రెంటిలో గ్రంథము దేనిని సమర్థించుచున్నదో పరిశీలించుట ఈ వ్యాసమునకు లక్ష్యము.

ఇందులకు కోలారు బంగారు గనుల సీమను నేపథ్యముగా గ్రహించుటకు కారణము కలదు. యోబు గ్రంథమున బంగారపు ప్రస్తావన మొదటినుండి తుదివఱకు మరల మరల వచ్చును. అందు 28వ అధ్యాయము గని త్రవ్వకమును వర్ణించు కావ్యఖండము. బైబిలునందు మఱెచ్చటను గనిపనిని గూర్చి యింత విపులమైన వర్ణన లేదు. బంగారము కొఱకు నూఱేండ్లకు పైగా భూగర్భమునకు దిగిన జనుల నేలపై నిలిచి చదివినచో, ఇతరులు దాటిపోవు వాక్యములు కొన్ని ఇచ్చట అడ్డుపడి ఆపును.

గనుల సీమ

కోలారు జిల్లా కర్ణాటకమున నున్నను తెలుగునకు పరాయి సీమ కాదు. ముళబాగిలు, శ్రీనివాసపురము తాలూకాలలో ఇంటింట తెలుగు వినవచ్చును. పూర్వము ఈ జిల్లాలో నుండి, 2007లో క్రొత్తగా నేర్పడిన చిక్కబళ్ళాపురము జిల్లాలో చేరిన కైవారమున నారాయణ తాతయ్య తెలుగునను కన్నడమునను కీర్తనలు రచించెను. దేవునితో తెలుగున మొఱపెట్టుకొనుట ఈ సీమకు క్రొత్త గాదు.

1880లో జాన్ టేలరు కంపెనీ ఇచ్చట ఆధునిక పద్ధతిని త్రవ్వకము ప్రారంభించెను. మైసూరు, చాంపియన్ రీఫు, ఊరుగాము, నందిదుర్గము మొదలగు గనులు వెలసినవి. ఉత్తర ఆర్కాటునుండి తమిళులును, చిత్తూరు ప్రాంతమునుండి తెలుగువారును కూలికి వచ్చిరి. వారిలో ననేకులు ఊరి వెలుపల నుంచబడిన కులములవారు. కరవు, అప్పు, అస్పృశ్యత వారిని పల్లెలనుండి తఱిమినవి. గని వారిని చేర్చుకొన్నది. 1902లో శివసముద్రమునుండి గనులకు విద్యుచ్ఛక్తి వచ్చినది. చాంపియన్ రీఫు గని లోతు కాలక్రమమున 3 కిలోమీటర్లు దాటినది. ఆ లోతున రాతి వేడిమి 60 డిగ్రీలకు పైబడియుండును. పైనున్న భారమునకు తాళలేక రాయి ఉన్నట్టుండి ప్రేలుట, అనగా ‘రాక్ బర్స్ట్’, అచ్చటి జనులకు బాగుగ తెలిసిన మృత్యువు. రాతిపొడి ఊపిరితిత్తులలో చేరి కలుగు సిలికోసిసు వ్యాధి రెండవ మృత్యువు. అది మెల్లగా వచ్చును. భారతదేశమున ఈ వ్యాధి మొట్టమొదట కోలారు గనులనుండియే 1947లో నివేదింపబడినదని వైద్యశాస్త్ర రచనలు పేర్కొనుచున్నవి.

గనులు 1956లో మైసూరు ప్రభుత్వమునకును, 1962లో కేంద్ర ప్రభుత్వమునకును వచ్చినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ యేర్పడినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. 800 టన్నులకు పైగా బంగారము ఆ నేలనుండి వెలికి పోయినది. మిగిలినవి సైనైడు దిబ్బలు, నీట మునిగిన బావులు, పని లేని కుటుంబములు. తమకు రావలసిన సొమ్ము కొఱకును, తాము నివసించు ఇండ్ల కొఱకును కార్మికులు ఏండ్ల తరబడి పోరాడిరి. అనేకులు ప్రతిదినము తెల్లవాఱుజామున రైలెక్కి బెంగుళూరునకు కూలికి పోయిరి.

ఇట్టి సీమలో క్రైస్తవ విశ్వాసము పలువురకు ఊఱటయైనది. ఆ ఊఱట సత్యమైనదా, కేవలము మత్తుమందా యను ప్రశ్న బయటివారు వేయుదురు. లోపలివారు వేసికొనవలసిన ప్రశ్న ఇంకను కఠినమైనది: ఊఱట చెప్పువాడు ఏమి చెప్పుచున్నాడు? దానికి యోబు గ్రంథమే ఉత్తరమిచ్చును.

హరిశ్చంద్రుడు, రామదాసు, యోబు

కథ క్లుప్తముగా నిట్లున్నది. ఊజు దేశమున యోబు నీతిమంతుడు, ధనవంతుడు. 7,000 గొఱ్ఱెలు, 3,000 ఒంటెలు, 500 జతల యెడ్లు, 500 ఆడుగాడిదలు, 10 మంది బిడ్డలు అతనికి గలరు. దేవుని సముఖమున అపవాది, యోబు భక్తి లాభము కొఱకైన భక్తియని ఆక్షేపించును. పరీక్ష మొదలగును. ఒక్కదినమున ఆస్తి పోవును, బిడ్డలు చత్తురు. పిమ్మట దేహమంతయు వ్రణములగును. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అను ముగ్గురు మిత్రులు ఓదార్చవత్తురు. 7 దినములు మాటలేక అతనితో నేలపై కూర్చుందురు. తరువాత యోబు నోరు తెఱచి తాను పుట్టిన దినమును శపించును. అచ్చటనుండి దీర్ఘమైన వాదము. తుదకు సుడిగాలిలోనుండి దేవుడు మాటాడును.

తెలుగువారికి పరిచితమైన హరిశ్చంద్ర కథకును దీనికిని గల పోలిక స్పష్టము. అచ్చట ఇంద్రసభలో వసిష్ఠ విశ్వామిత్రుల వాదము. ఇచ్చట దేవుని సముఖమున అపవాది ఆక్షేపము. రెండు కథలలోను పరీక్షకు గుఱియైనవానికి పైలోకమున జరిగిన సంవాదము తెలియదు. ఇద్దఱును ఐశ్వర్యమును సంతానమును పోగొట్టుకొందురు. గౌరన ద్విపద మొదలు బలిజేపల్లి లక్ష్మీకాంతము నాటకము వఱకు హరిశ్చంద్రుని కథ తెలుగు హృదయమున పాతుకొన్నది. ఆ నాటక ప్రదర్శనలలో కాటిసీనున పాడబడిన జాషువ పద్యములు ఎఱుగని తెలుగు ప్రేక్షకు లరుదు. కావున యోబు కథ తెలుగులోనికి వచ్చినపుడు శ్రోతలు దానిని హరిశ్చంద్రుని అచ్చులో పోసికొనుట సహజము.

కాని ఇద్దఱి నడుమ ఒక మూలభేదము కలదు. హరిశ్చంద్రుడు తన మాటకు కట్టుబడినవాడు. తనకు ఈ కష్టమేల యని దైవమును నిలదీయుట ఆ కథకు ప్రాణము కాదు. మాట తప్పకుండుటయే ప్రాణము. యోబు కథకు ఆ నిలదీయుటయే ప్రాణము. ఈ స్వభావమునకు తెలుగున సాదృశ్యము వెదకినచో అది భద్రాచల రామదాసునందు దొరకును. గోలకొండ చెఱలో కంచెర్ల గోపన్న రాముని వేడుకొనెను, నిష్ఠూరములాడెను, చేయించిన నగల లెక్క చెప్పి దెప్పెను. దానిని ఎవ్వరును భక్తిలోపమని తలంపలేదు. నిందాస్తుతి యని పేరిడి పూజలో చేర్చుకొనిరి. ఎవరితో చనువు గలదో వారినే మనుష్యుడు నిందించును. సామెతలోని యోబు హరిశ్చంద్రునకు చుట్టము. గ్రంథములోని యోబు రామదాసునకు చుట్టము.

ఎవరి నోట ఏ మాట

ఇక బంగారపు ప్రస్తావనలను వరుసగా చూడవలెను. 3వ అధ్యాయముననే, దాచబడిన ధనము కొఱకు త్రవ్వువారికంటె ఆత్రముగా మరణము కొఱకు ఎదురుచూచు దుఃఖితులను యోబు తలచును. నిరాశను చెప్పుటకు త్రవ్వకమే అతనికి ఉపమానమైనది.

22వ అధ్యాయమున ఎలీఫజు మాటాడును. యోబు పాపము చేసియుండవలెను, లేనిచో కష్టము రాదు అని అతని సిద్ధాంతము. సాక్ష్యము లేకయే యోబుపై నేరముల పట్టిక చదువును. పిమ్మట ఉపదేశ మారంభించును: బంగారమును మంటిలో పాఱవేయుము, సర్వశక్తుడే నీకు బంగారమగునని. భావము ఉన్నతమైనదే. ఏ ప్రసంగములోనైనను చెప్పదగినదే. అయితే వినుచున్నవాడు బూడిదలో కూర్చున్నాడు. అతని చేత పాఱవేయుటకు బంగారము లేదు. సర్వస్వము పోయినవానికి త్యాగము బోధించుట ఎంత సులువో ఎలీఫజు మాటలు చూపును.

దాని వెంటనే, 23వ అధ్యాయమున, యోబు కూడ బంగారమును ప్రస్తావించును. దేవుడు తన్ను శోధించినచో తాను సువర్ణమువలె వెలువడుదునని అతని మాట. క్రైస్తవ బోధలలోను ఓదార్పులలోను ఇంతగా వాడబడిన ఉపమానము లరుదు. కష్టము కొలిమి, మనుష్యుడు బంగారము, దేవుడు స్వర్ణకారుడు. అర్థము సుందరమే. కాని ఆ వాక్యమునకు ముందు వెనుక ఏమున్నదో గమనించినవారు తక్కువ. ముందు యోబు, దేవుడు ఎచ్చట దొరకునో తెలిసినచో పోయి ఆయన యెదుట తన వ్యాజ్యెము నుంచుదునని కోరును. తూర్పునకు పోయినను పడమరకు పోయినను ఆయన కనబడలేదని వాపోవును. వెనుక, తన భయమును దాచక చెప్పుకొనును. ఆ రెంటి నడుమ నిలిచిన ధైర్యవచన మది. తాను నిర్దోషి నని, విచారణ జరిగినచో ఆ సంగతి తేలునని అతడు చెప్పుచున్నాడు.

విమర్శకుడు ఇచ్చట చూడవలసినది వచనమును మాత్రమే కాదు, అది యెవరి నోట వచ్చినదను సంగతిని గూడ. శోధనలో సువర్ణమగుదునని బాధపడువాడు చెప్పినచో అది విశ్వాసము. అదే మాటను ఒడ్డున నిలిచినవాడు బాధపడువానికి చెప్పినచో ఎలీఫజు ఉపదేశ మగును. మాట మాఱలేదు; నోరు మాఱినది, సత్యము మాఱినది.

బంగారపు గనుల జనులకు ఈ ఉపమానములో మఱొక చిక్కు కలదు. స్వర్ణకారుని కొలిమి చూచినవానికి బంగారము కరగి మెఱయుటయే కనబడును. గని చూచినవానికి అంతకు ముందటి కథ తెలియును. రాతిని పిండి చేయవలెను, సైనైడు నీళ్ళలో కరగించవలెను. తుది దశాబ్దములలో ఒక టన్ను రాతినుండి లభించినది కొలది గ్రాములు. తక్కినదంతయు దిబ్బగా మిగిలినది. ఆ దిబ్బల ధూళి గాలికి లేచి ఇండ్లలో పడునపుడు, శుద్ధి యను మాట అచ్చటివారికి వేఱుగా వినబడును. బంగారమైన మనుష్యుని చూపి దిబ్బపాలైన మనుష్యుని మఱచు ఓదార్పు ఆ సీమలో నిలువదు.

మిత్రులను గూర్చి యోబు చెప్పిన ఉపమానము కూడ కోలారు సీమకు దగ్గఱ. వానలో పొంగి, వేసవిలో ఇంకిపోయి, దప్పిగొనివచ్చిన బాటసారులను మోసగించు వాగువంటివారు మిత్రులని 6వ అధ్యాయమున చెప్పును. నందికొండలలో పుట్టి ఈ జిల్లాగుండ పాఱు పాలారు ఏటిలో నీటికంటె ఇసుకను ఎక్కువ చూచినవారికి ఈ పోలికకు వ్యాఖ్య అక్కఱలేదు. 13వ అధ్యాయమున యోబు ఇంకను ముందునకు పోవును: దేవుని పక్షము వహించుట కొఱకు మీరు అబద్ధమాడుదురా యని మిత్రులను ప్రశ్నించును. దైవమును సమర్థించు తొందరలో మనుష్యుని బాధను అబద్ధము చేయుటయే మిత్రుల దోషమని అతడు గుర్తించెను. 9వ అధ్యాయమున దేవుడు తన్ను ఊపిరి తీయనిచ్చుట లేదని అతడు చేయు ఫిర్యాదు, సిలికోసిసు రోగి యింట రాత్రి మేల్కొనియున్నవారికి ఉపమానము కాదు, వాస్తవము.

గని కావ్యము

28వ అధ్యాయము వాదము నడుమ హఠాత్తుగా వచ్చును. అది యోబు మాటయా, కవి మధ్య చేర్చిన గీతమా యని పండితులలో భేదాభిప్రాయములు కలవు. ఎట్లైనను వాదపు వేడిమి తగ్గి, వినువానికి ఒక విరామము కలుగును. వెండికి గని కలదు, బంగారమునకు శుద్ధిచేయు చోటు కలదు, ఇనుము మంటినుండి, రాగి రాతినుండి తీయబడును అని ఆరంభము. మనుష్యుడు చీకటికి అంతము కల్పించి, గాఢాంధకారమున రాళ్ళను వెదకును. జనులు నివసించు చోటికి దూరముగా బావి త్రవ్వును. డేగ కన్ను చూడని త్రోవ అది. సింహము నడువని త్రోవ అది. పైన పొలము పంటనిచ్చును, లోపల అదే భూమి అగ్నివలన నైనట్లు తల్లక్రిందులగును. మనుష్యుడు కొండలను వేళ్ళతో పెల్లగించును, బండలలో కాలువలు తొలుచును, ఊటలు కారకుండ కట్టును.

ఇంతటి సూక్ష్మపరిశీలన ఆ కవికి ఎట్లు లభించినదో యని అచ్చెరువు కలుగును. పైన పంట, క్రింద వేడిమి అను వర్ణన బంగారుపేట చుట్టునున్న రాగిచేలను, వాటి క్రింది సొరంగములను చూచి వ్రాసినట్లుండును. ఊటనీరు కట్టుట గనిపనిలో నిత్యకృత్యము. తోడుట ఆగినంతనే కోలారు బావులు నీట మునిగినవి.

4వ వాక్యము మూలమున క్లిష్టమైనది. అందలి జనులు మానవసంచారము మఱచిన చోట వ్రేలాడుచు ఊగుచు నుందురని సామాన్యముగా చెప్పు అర్థము. అధ్యాయమంతయు మానవ సామర్థ్యమును కొనియాడుచుండగా ఈ యొక్క వాక్యము మాత్రము త్రాటికి వ్రేలాడు కూలివానిని చూచినది. ప్రాచీన దేశములలో గనిపని పెక్కుచోట్ల బానిసల పని. కవి వారిని పేరెత్తి చెప్పలేదు. అయినను పైనడచువారు వారిని మఱచిరని గుర్తించెను. బంగారమును ధరించువాడు దానిని తీసినవానిని ఎఱుగడను విషయము, కోలారు సీమ తరతరములుగా అనుభవించినదే.

ఈ వర్ణన యంతయు ఒక ప్రశ్న కొఱకు: ఇంత లోతు త్రవ్వగల మనుష్యునకు జ్ఞానము ఎచ్చట దొరకును? అగాధము తనలో లేదనును, సముద్రము తనయొద్ద లేదనును. ఓఫీరు బంగారము దానికి వెలగాదు. దాని త్రోవ దేవునికి మాత్రమే తెలియును. ఆయనయందలి భయభక్తులే జ్ఞానమని ముగింపు. 1965లో చాంపియన్ రీఫు గనిలో 2 కిలోమీటర్లకు మించిన లోతున భారత, జపాను, ఆంగ్ల శాస్త్రజ్ఞులు ఆకాశమునుండి వచ్చు న్యూట్రినో కణముల జాడను కనుగొనిరి. అగాధము అట్లు విజ్ఞానమునకును ఆలయమైనది. కాని అదే గనిలో రాయి ప్రేలి భర్తను పోగొట్టుకొనిన స్త్రీ యడుగు ‘ఏల’ యను ప్రశ్నకు ఏ పరికరమును బదులీయలేదు. 28వ అధ్యాయము చెప్పునది ఇంతమాత్రమే: కొన్ని ప్రశ్నలకు ఉత్తరము త్రవ్వి తీయబడదు. కావున ఉత్తరము తమ చేత నున్నట్లు మాటాడిన మిత్రుల గర్వమునకు ఈ గీతము మందలింపు.

దాసుని హక్కు, కూలివాని మొఱ

31వ అధ్యాయమున యోబు ప్రమాణము చేయును. తాను బంగారమును నమ్ముకొనలేదనును. తన దాసుడు గాని దాసి గాని తనపై వ్యాజ్యెము తెచ్చినపుడు వారి హక్కును త్రోసివేయలేదనును. తన్ను గర్భమున రూపించినవాడే వారినిని రూపించెననును. భూమి తనపై మొఱపెట్టలేదని, వెలయీయక దాని పంట తినలేదని చెప్పి ముగించును. దైవమును న్యాయమడుగువాడు తాను ఇతరులకు న్యాయము చేసితినా యని ముందుగా చూచుకొన్నాడు. ఇది యోబు ఫిర్యాదునకు బలమైనది.

యోబు సహనమునకు సామెత ఏర్పడుటకు మూలము క్రొత్త నిబంధనలో యాకోబు పత్రిక 5వ అధ్యాయము. అందు యోబు సహనము ప్రశంసింపబడినది. మూలమగు గ్రీకు పదమునకు నిలదొక్కుకొనుట, భారము క్రింద కూలకుండుట అని యర్థము. మౌనముగా నుండుట యను అర్థము దానిలో లేదు. అంతకంటె ముఖ్యమైనది ఆ అధ్యాయపు ఆరంభము. అది ధనవంతులనుద్దేశించి, వారి బంగారము తుప్పుపట్టినదనియు, బిగబట్టిన కూలి మొఱపెట్టుచున్నదనియు హెచ్చరించును. కూలివాని మొఱయు యోబు సహనమును ఒకే అధ్యాయమున, ఒకే లేఖకుని చేత, ఒకే సంఘమునకు వ్రాయబడినవి. పనివారికి రెండవదానిని చదివి వినిపించి మొదటిదానిని విడిచిన బోధ సగము పత్రికను చింపినట్లే. బంగారము తీసిన సీమలో ఈ లోపము చిన్నది కాదు.

శాంతి యెట్లు కలిగినది

38వ అధ్యాయమున దేవుడు సుడిగాలినుండి మాటాడును. యోబు అడిగినదానికి బదులు చెప్పడు. సముద్రపు టూటలను, మరణద్వారములను, మంచు కొట్లను, అడవిమేకల ఈనికను గూర్చి ప్రశ్నపై ప్రశ్న వేయును. అపవాది సంగతి చెప్పనే చెప్పడు. ఇది ఉత్తరమా, గద్దింపా యని చదువరులు తడబడుదురు. అయినను యోబునకు శాంతి కలిగినది. అంతవఱకు చెవితో విన్నవానిని ఇపుడు కంటితో చూచితినని అతడు చెప్పును. కారణము తెలిసినందున కలిగిన శాంతి కాదది. తన మొఱ వినబడినదని తెలిసినందున కలిగిన శాంతి.

ఇచ్చట రెండు ఆక్షేపణలను పరిశీలింపవలెను. మొదటిది: యోబు తుదకు ధూళిలోను బూడిదలోను తన మాటలను ఉపసంహరించుకొనెను గదా, కావున ఫిర్యాదు తప్పేయని కొందఱందురు. ఆ వాక్యపు అర్థమును గూర్చి వ్యాఖ్యాతలు ఏకీభవింపలేదు. సందేహమునకు తావులేని తీర్పు మాత్రము దాని వెంటనే కలదు. దేవుడు ఎలీఫజుపై కోపించి, తన సేవకుడైన యోబు పలికినట్లు మిత్రులు తన్ను గూర్చి యుక్తముగా పలుకలేదని చెప్పును. ఫిర్యాదు చేసినవాడు యుక్తముగా పలికినవాడైనాడు. దైవమును సమర్థించినవారు దోషులైరి. వారి కొఱకు యోబే ప్రార్థింపవలసి వచ్చినది.

రెండవది: తుదకు అన్నియు రెండింతలుగా తిరిగి వచ్చినవి, కావున ఓర్పు లాభసాటి బేరమేనని ఇంకొందఱి భావము. 14,000 గొఱ్ఱెలు, 6,000 ఒంటెలు, 1,000 జతల యెడ్లు, 1,000 ఆడుగాడిదలు వచ్చినమాట నిజమే. కాని భక్తి బేరమాయని మొదట ఆక్షేపించినవాడు అపవాది. బేరమని చెప్పు బోధకుడు తెలియకయే అపవాది పక్షమున సాక్ష్యమిచ్చుచున్నాడు. మఱియు లెక్క చూచినచో పశువులు రెండింతలైనవి, బిడ్డలు మాత్రము మరల 10 మందియే. పోయిన 10 మంది తిరిగి రాలేదు. గ్రంథకర్త ఆ లోటును లోటుగానే యుంచెను. ఈ యొక్క సంఖ్యలో నున్న కరుణ పెక్కు ప్రసంగములలో కానరాదు.

ముగింపున బంగారము కడపటిసారి కనబడును. యోబు సోదరులును, అక్కచెల్లెండ్రును, పూర్వ పరిచితులును అతని యింట భోజనము చేసి, దుఃఖమున పాలుపంచుకొని, ఒక్కొక్కడు ఒక వరహాను, ఒక బంగారు ఉంగరమును ఇత్తురు. ఎలీఫజు బంగారమును మంటిలో పాఱవేయుమని యుపదేశించెను; వీరు తమ బంగారమును పోగొట్టుకొన్నవాని చేతిలో పెట్టిరి. ఓదార్పునకు గ్రంథము చూపిన తుది రూప మిది.

కోలారు చరిత్రలో దీనికి ఉదాహరణము లేకపోలేదు. 1876–78 నాటి ఘోరక్షామము మైసూరు సంస్థానమున లక్షల ప్రాణములు గొన్నపుడు, ఆంగ్లస్త్రీ మిస్ యాన్‌స్టీ కోలారున అనాథ బాలబాలికలకు ఆశ్రమము నెలకొల్పెను. 1890లో ఆ పని మెథడిస్టు మిషనుకు చేరినది. 1910లో ఎల్లెన్ థోబర్న్ కోవెన్ స్మారక వైద్యశాల అచ్చట వెలసినది. క్షామమేల వచ్చినదను ప్రశ్నకు అది ఉత్తరము కాదు. ఉత్తరము లేనిచోట అన్నము పెట్టుట, గాయము కట్టుట, మిత్రులు మొదటి 7 దినములు చేసినట్లు నేలపై కూర్చుండుట సాధ్యమని అది చూపినది.

తెలుగు రచనలో యోబు స్వరము

తెలుగు క్రైస్తవ కీర్తనకు మార్గదర్శియైన పురుషోత్తమ చౌదరి (1803–1890) కర్ణాటక రాగతాళములలో భక్తిని పలికించి, పరాయిదిగా తోచిన విశ్వాసమును తెలుగు గొంతునకు అలవఱచెను. ఆ మార్గమున వెలసిన కీర్తనలలో పశ్చాత్తాపము, కృతజ్ఞత, శరణాగతి గాఢముగా కలవు. పల్లవి మరల మరల వచ్చు ఆ నిర్మాణమే నిలదొక్కుకొనుటకు శిక్షణ. ఐనను దుఃఖమునకు పాపమే మూలమను భావము అధికమై, నిర్దోషి దుఃఖమునకు చోటు తగ్గినది. నిందాస్తుతి నెఱిగిన భాషలో ఈ కొఱత వింతయే.

ఆ స్వరము తెలుగున అన్యత్ర వినబడినది. గుఱ్ఱము జాషువ 1941 నాటి ‘గబ్బిలము’న, ఆలయప్రవేశము లేని అరుంధతీసుతుడు తన మొఱను గబ్బిలముద్వారా కాశీనాథునకు పంపును. దైవమును త్యజింపక దైవమునే న్యాయమడిగిన ఆ పాత్ర యోబునకు తెలుగు సోదరుడు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడెమీ బహుమానము పొందిన కవియే ఈ మొఱను వ్రాయుట గమనింపదగినది.

కావున యోబు పేరిట ఓదార్చువారు రెండు విషయములు మఱువరాదు. సువర్ణపు ఉపమానము బాధపడువాని సొత్తు. అతడు పలుకువఱకు ఇతరులు దానిని పలుకరాదు. అతడు మొఱపెట్టినపుడు దానిని అవిశ్వాస మనరాదు. గనిదీపము ఆఱిన సీమలో, వంచనలేని శాంతి కోరువారికి ఈ గ్రంథ మిచ్చునది ఇంతమాత్రమే: లోతునుండి పిలుచు హక్కు, ఆ పిలుపు వినబడునను నమ్మకము, ఓదార్చవచ్చు బంధువు చేతిలో ఒక ఉంగరము. రాతిని నమ్మి బ్రతికినవారికి ఇది చిన్న ఆధారమువలె తోపవచ్చును. యోబు దీనిపైననే నిలిచెను.